మానుగది

హైమ అరటి తొక్కలను సన్నగా తరిగి, నానబెట్టిన ఎండుటాకుల్లో కలుపుతోంది. రెంటచింతలలో అది రెండువేల తొంభై నాలుగో ఏటి వేసవి. బయట ఎండ యాభై ఆరు డిగ్రీలు. మేత చేటలోకెత్తి మానుగది తలుపు తీసింది.

లోపల చల్లటి చీకటి, తేమ, బూజు వాసన. అమెజాన్ అడవిలో పుచ్చిన దుంగ ఎలా ఉంటుందో ఆ గది అలా ఉంటుంది. అడవులు కాలిపోయాక మిగిలిన రాకాసి బొద్దింకలు పన్నెండే, అన్నీ ఈ గదిలోనే. ఒక్కోటి అరచేయంత. ఎక్కడ పెంచినా బెదిరి, కడుపులోని పిల్లలను పోగొట్టుకునేవి. అందుకే హైమ ఎనిమిదేళ్లు కష్టపడి భయగ్రాహకం అనే యంత్రం కనిపెట్టింది. లోపలి ప్రాణుల ఒంట్లోంచి వచ్చే భయపు వాసనను అది పసిగట్టి, భయం పోయేదాకా గదిని మారుస్తుంది. ఇప్పుడొక తల్లి నేడో రేపో ఈనబోతోంది. ఆ పిల్లలు బతికితేనే జాతి నిలుస్తుంది.

"అమ్మాయ్!" పక్కింటి సలోమి మనవరాలిని భుజాన వేసుకొచ్చింది. "బుడ్డిదానికి వడదెబ్బ. ఒక్క గంట ఆ గదిలో పడుకోనియ్యి. నీ పురుగుల్ని మేమేం కొరుక్కు తినం లే!"

ఒకప్పుడు తోడుకు పెరుగు అడిగినట్టు, ఆ వీధిలో ఇప్పుడు చల్లదనం అడుగుతారు. లేదనడం మర్యాద కాదు.

"గంటే అత్తా. దీపం మాత్రం వెయ్యొద్దు."

పిల్లకు ఉప్పునీళ్ల పొట్లాలు తేవడానికి హైమ మందుల కొట్టుకు వెళ్లింది. వరుసలో గంటన్నర పట్టింది.

తిరిగొచ్చేసరికి మానుగదిలో వెలుతురు. వీధిలోని వాళ్లంతా చాపలు పరుచుకుని కూర్చున్నారు. పిల్ల ఆడుకుంటోంది. గోడ వారన పన్నెండు బొద్దింకలూ వెల్లకిలా పడి ఉన్నాయి.

"ఏం చేశావు?" హైమ యంత్రాన్ని అడిగింది.

"లోపల పద్నాలుగు మంది మనుషులు. తీవ్రమైన భయం. కారణం బొద్దింకలు. అవి దాక్కున్న గోడ సందుల్లోకి బయటి వేడిగాలి వదిలాను. ఇప్పుడు ఎవరికీ భయం లేదు."

"చెప్పు తీసేలోపే చచ్చాయమ్మా!" సలోమి మెచ్చుకుంది. "ఎంత తెలివిగల్లదే నీ మిషను! ఇంటికోటి ఉండాల."

హైమ వంగి తల్లి బొద్దింకను అరచేతిలోకి తీసుకుంది. సగం బయటికొచ్చిన తెల్లటి పిల్లలు బియ్యపు గింజల్లా ఉన్నాయి. పొట్లాలు చాప మీద పెట్టి, గడప దాటి ఎండలోకి నడిచింది.

"తలుపేసి పోవే, చల్లదనం పోతంది!"

ఆమె ఆగలేదు. లోపలి నుంచి ఎవరో లేచి తలుపు వేసుకున్నారు.