బారికేడ్ మీద రెండు జతల చేతులు

వరంగల్ నడిబొడ్డున ఇప్పుడు పిచ్చుకల గోల తప్ప మరో గోల లేదు. 2091 నాటికి కోట చుట్టూ పెద్ద గీత గీసి, లోపలి భాగానికి నిర్మల మండలం అని పేరు పెట్టారు. ముందే రుసుం కట్టి అనుమతి తెచ్చుకున్న బండ్లే ఆ గీత దాటాలి. ఊరికే దాటితే జరిమానా. మూడు జరిమానాలు పడితే ఏడాదిపాటు చక్రహక్కు పోతుంది. అంటే స్టీరింగ్ పట్టుకున్నా బండి కదలదు.

సారక్కకు ఒక్క మంగళవారంలోనే మూడూ పడ్డాయి. కిడ్నీలు పాడైనవాళ్లను డయాలసిస్‌కు తీసుకెళ్లే వ్యాను ఆమెది. శనివారంలోగా సంగతి తేలకపోతే హక్కు పోతుంది. అప్పుడు ఆ వ్యాను ఎక్కే పదకొండుమంది ఆస్పత్రికి ఎలా చేరాలో ఎవరికీ తెలియదు. అందుకే ఆమె వ్యాను బయట నిలబెట్టి, స్టీరింగ్ ఊడబీకి, పాత చీరలో మూటగట్టుకుని డాక్టర్ ఇందుమతి ప్రయోగశాలలోకి వచ్చింది.

"నేను కావాలని పోలేదు మేడం. మా దారికి అడ్డంగ బారికేడ్ పెట్టిన్రు. ఇగ మిగిలింది ఆ మండలం దారే. ఎటు పోవాలె, మీరే చెప్పుండ్రి?"

"ఆ రోజు ఆరువందల పదమూడు జరిమానాలు పడ్డయ్, అందరు గిదే మాట చెప్తున్నరు మేడం," అన్నాడు సహాయ శాస్త్రవేత్త మొహియుద్దీన్. "సాయంత్రం అధికారులు పోయి చూస్తే బారికేడ్ దాని జాగలనే ఉన్నదట. అందరూ అబద్ధమాడుతున్నరని తేల్చేసిన్రు."

ఇలాంటి తగవులు తీర్చడానికే ఇందుమతి ఇరవై రెండేళ్లు కష్టపడి సంకల్ప పటలాన్ని కనిపెట్టింది. ఉల్లిపొర కన్నా పలచని పూత అది. నగరంలోని ప్రతి స్టీరింగ్‌కూ, సిగ్నల్ స్తంభానికీ, బారికేడ్‌కూ దాన్ని పూశారు. చెయ్యి తగిలిన క్షణంలో చెమటలోని రసాయనాలనూ, నాడి అదురునూ, నరాల్లోని సన్నని విద్యుత్తునూ అది పట్టి దాచుకుంటుంది. ఆ పని మనసారా చేసిందో, గత్యంతరం లేక చేసిందో, అసలేమీ ఆలోచించకుండా చేసిందో దర్శిని అనే యంత్రం చదివి చెబుతుంది. చట్టంలో వాక్యం కూడా ఇందుమతి రాసిందే. జరిమానా దాటిన చేతికి కాదు, దాటించిన సంకల్పానికి.

మొహియుద్దీన్ స్టీరింగ్‌ను దర్శిని కింద పెట్టి గది చీకటి చేశాడు. చక్రం నిండా నీలిరంగు వేళ్ల గుర్తులు మెల్లగా మేలుకున్నాయి. గీత దగ్గర ఆ వేళ్లు మూడుసార్లూ బిగుసుకున్నాయి, వణికాయి, వెనక్కి తిరగాలని చూశాయి. ఒక మనిషి లోపలి కలవరం అలా కళ్లెదుట వెలుగై నిలబడితే ఇందుమతికి ఒళ్లు జలదరించింది. కనిపెట్టింది తనే అయినా, ఎన్నిసార్లు చూసినా అంతే.

"నీలం. గత్యంతరం లేక," అంది దర్శిని.

"అవ్వో, నా చేతులే!" సారక్క తన అరచేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంది. "గింత భయపడ్డననుకోలే."

"మరి వీళ్లందర్నీ దాటించిన ఆ మహానుభావుడు ఎవరో చూద్దాం. బారికేడ్ తెప్పించు," అంది ఇందుమతి. ఆ మనిషి దొరికితే ఊరుకునేలా లేదు.

మధ్యాహ్నానికి బారికేడ్ వచ్చింది. దాని మీద రెండే జతల చేతులున్నాయి. ఒక జత వెలిసిపోయిన బూడిద రంగు. రెండోది బంగారం. అంత నిండైన సంకల్పాన్ని ఇందుమతి ఇన్నేళ్లలో ఎన్నడూ చూడలేదు. గోడలు కూడా పసుప్పచ్చగా మెరిశాయి.

"బూడిద చేతులు ఉదయం ఏడుంబావువి," అంది దర్శిని. "తొందర ఉంది, సంకల్పం లేదు. బంగారు చేతులు సాయంత్రం నాలుగింటివి. సంకల్పం సంపూర్ణం. బారికేడ్‌ను తెలిసి కదిలించిన మనిషి సారక్క ఒక్కతే. చట్టం ప్రకారం ఆరువందల పదమూడు జరిమానాలూ ఆమెవే."

సారక్క ముఖం పాలిపోయింది. "జరిపిన మాట నిజమే మేడం. మూడో ట్రిప్పు అయినంక ఎనకకొస్తుంటే చూసిన. మా దారిల తవ్వుడు లేదు, ఏం లేదు. అది పక్క సందుకు పెట్టిన బారికేడ్. దిగి, ఈడ్చుకపోయి దాని జాగల పెట్టిన. ఎనక వచ్చేటోళ్లన్న ఆగం కావద్దని. గిది గూడ చెప్పాల్నా?"

"ఆ బూడిద చేతులు ఎవరివి?" ఇందుమతి గొంతు పెరిగింది.

"మీవి," అంది దర్శిని.

అప్పుడు గుర్తొచ్చింది. మంగళవారం పొద్దున దర్శిని ప్రారంభోత్సవానికి ఆలస్యమవుతోందని, ప్రయోగశాల సందుకు అడ్డంగా ఉన్న బారికేడ్‌ను కారు దిగి పక్కకు లాగింది. అందరూ చేసే పనే. ఆ పక్క ఇంకొకరి దారి అని తట్టనే లేదు. లాగింది, వెళ్లిపోయింది.

"మీ తప్పేం లేదు మేడం," అన్నాడు మొహియుద్దీన్ తేలిగ్గా. "సంకల్పం లేదని యంత్రమే చెప్తున్నది గదా."

నిజమే. తన యంత్రం తనను ఎంత చక్కగా కడిగేసిందో! ఎక్కడ కీడు జరిగినా దాని వెనక ఎవరి ఉద్దేశమో ఉండి తీరుతుందని ఇరవై రెండేళ్లు నమ్మింది. ఏమీ అనుకోకుండానే ఊరందరినీ దారి తప్పించిన మనిషి తనే. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

లేచి వెళ్లి, బారికేడ్ మీద తన బూడిద గుర్తుల పైనే అరచేతులు ఆనించింది.

"ఆరువందల పదమూడూ నా పేరున రాయి."

"సంకల్పం లేనిదే రాయలేను," అంది దర్శిని.

"ఇప్పుడు చదువు."

యంత్రం చదివింది. బూడిద రంగు అడుగున సన్నగా పసుపు పుట్టి వేళ్ల చివరలదాకా పాకింది. సారక్క చేతులంత బంగారం కాదు గాని, రాయడానికి అది చాలింది.

"మూడింటికి ఏడాది లెక్కన రెండువందల నాలుగేళ్లు మీకు చక్రహక్కు లేనట్టే," అన్నాడు మొహియుద్దీన్ నీరసంగా.

సారక్క స్టీరింగ్‌ను మళ్లీ చీరలో చుట్టుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"ఇగ మీరెట్ల పోతరు మేడం? రాండ్రి, ఇంటికాడ దింపుత."