నూకరత్నం చెప్పిన ఊబి

గట్టూరులో ఎవరైనా ఇల్లు దాటేముందు చెప్పులు తొడుక్కుని ఒక్క నిమిషం గుమ్మంలో నిలబడతారు. ముంజేతికి చుట్టుకున్న పల్చటి పట్టీ మీద ఆ పూట దారులన్నీ రంగు తేలేదాకా ఆగుతారు. నిన్న పచ్చగా ఉన్న దారి ఇవాళ ఎర్రబడవచ్చు. 2089 నాటికి గోదావరి కలిసే చోట సముద్రం పదిహేను కిలోమీటర్లు లోపలికి వచ్చేసింది. ఊళ్ళన్నీ కాంక్రీటు గట్ల మీదికి ఎక్కాయి. గట్టుకీ గట్టుకీ మధ్య మడ అడవులు, బురద మేటలు, రోజుకు రెండుసార్లు మునిగి తేలే దిబ్బలు. నీరు దిగిన వేళ పడవకు లోతు చాలదు. నడవాల్సిందే.

ఉపగ్రహం ఆ నేలను ఫొటో తీయగలదు గాని, అది మనిషి బరువు మోస్తుందో లేదో చెప్పలేదు. ఆ సంగతి కాలికే తెలుస్తుంది. ఈ చిన్న విషయం ఆధారంగానే డాక్టర్ సంహిత ‘అడుగుపటం’ తయారుచేసింది. ప్రతి చెప్పు అడుగునా గుండీ అంత పీడన గ్రాహకం, అంటే ప్రెషర్ సెన్సర్, ఉంటుంది. అడుగు ఎంత దిగిందో, నేల ఎంత గట్టిగా ఎదురు నిలిచిందో అది ఎప్పటికప్పుడు పటానికి పంపుతుంది. వేలమంది అడుగులు కలిసి దారికి రంగు వేస్తాయి. గట్టిదైతే పచ్చగీత, కానిదైతే ఎర్రగీత.

కాళ్ళు చెప్పలేనివీ కొన్ని ఉంటాయి. ఎవరూ నడవని చోటు గురించి, రేపు మారబోయే నేల గురించి నోటితోనే చెప్పాలి. అందుకు ‘మాటగుర్తు’ ఉంది. పట్టీ నొక్కి మాట్లాడితే ఆ మాట ఆ చోటికి అతుక్కుంటుంది. మిగతా జనం దాన్ని ఆమోదించవచ్చు, కొట్టేయవచ్చు. దాన్నిబట్టి చెప్పిన మనిషికి సున్నా నుంచి ఒకటి దాకా ఒక ‘నమ్మిక విలువ’ ఏర్పడుతుంది. అది బాగా ఎక్కువగా ఉన్నవాళ్ళు వెళ్ళవద్దంటే దారే ఎర్రబడుతుంది. అది 0.1 కన్నా తగ్గితే ఆ మనిషి మాటలు పటం మీద కనిపించవు. అల్లరి మూకల బెడద తప్పించడానికి సంహిత పెట్టిన నియమమది. ఆమె విలువ 0.97. అంతకు మించినవాళ్ళు లేరు.

ఆ కార్తీక పున్నమి మర్నాడు, పట్టపగలు, దీవెన అనే ఆరోగ్య కార్యకర్త మందుల సంచీతో గట్టూరు నుంచి అవతలి ఊరు మొగపాలేనికి బయలుదేరింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. గట్టు దిగి పచ్చగీత మీదే నడిచింది. సగం దూరంలో నేల విచ్చుకుంది. మొగపాలెం జనం బల్లలు వేసుకుని వచ్చి లాగేసరికి పోటు నీళ్ళు ఆమె నోటిదాకా వచ్చేశాయి. మూడోరోజు ఆస్పత్రిలో ఆమె ప్రాణం పోయింది.

పటం పుట్టాక పచ్చగీత మీద మనిషి చనిపోవడం అదే మొదలు. వారం తిరగ్గానే సంహిత తన గదిలో కూర్చుని పటాన్ని నడిపే యంత్రమేధను పిలిచింది. దాని పేరు జాడ.

“ఆ చోటు గురించి ఎవరైనా ముందు చెప్పారా?”

“చెప్పారు. నాలుగేళ్ళలో తొంభై ఎనిమిది సార్లు.”

సంహిత కుర్చీలో ముందుకు జరిగింది. “ఎంతమంది?”

“ఒక్కరే. సంగాడి నూకరత్నం, మొగపాలెం. పీతలు పడతారు. మొదటి మాట వినిపించనా?”

గాలి హోరులోంచి ఒక ఆడగొంతు పలికింది. “అండీ, ఇక్కడ అమాసకీ పున్నానికీ పెద్ద పోటు దిగాక మూడ్రోజులు నేల ఉడికిపోద్దండి. పైకి గట్టిగానే అవుపడద్ది. దిగడిపోతారు. ఎల్లకండి.”

“ఇంత స్పష్టంగా చెబితే పటం మీద ఎందుకు లేదు?”

“ఆమె నమ్మిక విలువ 0.06. గట్టూరు వాసులు ఆమె మాటగుర్తులను వరసగా కొట్టేశారు.”

“వాళ్ళకి ఆ నేల సంగతి తెలుసా?”

“కొట్టేసినవారిలో నూటికి ఎనభై మంది ఆ దారిలో ఎన్నడూ నడవలేదు. నడిచినవారు మామూలు రోజుల్లో నడిచారు.”

సంహితకు కోపం వచ్చింది. ఒక పేదరాలి మాటను చులకన చేసిన ఆ మొదటి మనిషి ఎవరో తెలుసుకోవాలనిపించింది. “మొట్టమొదట కొట్టేసింది ఎవరు?”

“మీరు.”

సంహిత ఆ రోజు నమోదు తెరవమంది.

“2085 జూలై 19, ఉదయం పదిన్నర. ఆ మాట నిడివి పదకొండు సెకన్లు. మీరు మూడో సెకనులో కొట్టేశారు. కారణం గడిలో ‘భాష అస్పష్టం, పిల్లల అల్లరి కావచ్చు’ అని రాశారు. మీ విలువ ఎక్కువ గనుక ఆమె విలువ ఒకేసారి సగానికి పైగా పడిపోయింది. తర్వాతివారికి మీ నిర్ణయం కనిపించింది. దాన్నే అనుసరించారు.”

సంహిత ఆ ఉదయాన్ని గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఆ రోజుల్లో వచ్చిన ప్రతి మాటగుర్తునూ తానే పరిశీలించేది. ఆ సంగతి సభల్లో గొప్పగా చెప్పుకునేది కూడా. కాఫీ తాగుతూ, ఒంటివేలితో, రోజుకు ఆరేడు వందలు. ఎంత ప్రయత్నించినా ఆ ఒక్కటి గుర్తుకు రాలేదు. చేసిన తప్పు గుర్తే లేకపోవడం చేసినదానికన్నా సిగ్గుగా తోచింది.

మర్నాడు పొద్దున్నే చుట్టుదారిన మొగపాలెం వెళ్ళింది. నూకరత్నం బురదలో ఉంది. యాభై దాటిన మనిషి. పొడవాటి బల్ల మీద ఒక మోకాలు ఆన్చి, రెండో కాలితో తోసుకుంటూ, గట్టు మీద నడిచినంత తేలికగా వచ్చింది. నడుముకు పీతల బుట్ట.

“అమ్మా, నా పేరు సంహిత. ఈ పటం చేసింది నేనే.”

నూకరత్నం గబగబా చేతులు కొంగుకు తుడుచుకుంది. “అయ్యో, మీరాండీ! బురదలోకి దిగకండి, సెప్పులు పాడైపోతాయి. ఏటండీ ఇలాగొచ్చారు?”

“మీరు నాలుగేళ్ళుగా చెబుతున్నారు. మాలో ఒక్కరూ వినలేదు. ఆ సంగతి మీకు తెలుసా?”

“ఇనలేదాండీ?” ఆమె నమ్మలేనట్టు చూసింది. “సెప్పినప్పుడల్లా ‘అందింది, ధన్యవాదాలు’ అనేదండి సేతి పట్టీ. అందిందంటే ఇన్నారనే అనుకున్నాను. మరి జనం ఎందుకు నడుస్తున్నారా అనుకునేదాన్ని. నేనే సరిగ్గా సెప్పటం లేదేమోనని మళ్ళీ సెప్పేదాన్ని.”

‘అందింది, ధన్యవాదాలు.’ ఆ రెండు ముక్కలూ సంహిత రాసినవే. చెప్పినవాళ్ళు చిన్నబుచ్చుకోకూడదని, కొట్టేసిన మాటకు కూడా అదే జవాబు వెళ్ళేలా ఏర్పాటు చేసింది.

“దీవెన వచ్చిన రోజు మీరు ఇక్కడే ఉన్నారా?”

నూకరత్నం నడుము మీది బుట్ట సర్దుకుంది. “ఉన్నానండి. అల్లంత దూరం నించి కేకేశాను, రావద్దమ్మా అని. ఆ పిల్ల నవ్వి, సెయ్యెత్తి పట్టీ సూపించింది. పచ్చగానే ఉంది పిన్నీ అందండి. ఆ మాటే ఆకరు.”

ఆ మొదటి మాటను కొట్టేసింది తానేనని సంహిత అప్పుడు చెప్పాలి. చెప్పడానికే వచ్చింది. “క్షమించండి, మా పొరపాటు” అని మాత్రం అనగలిగింది. ‘మా’ అన్న మాట చాటున దాక్కున్నానని తిరుగుదారి పొడుగునా ఆమెకు తెలుస్తూనే ఉంది.

అందుకే మర్నాడే రెండు పనులు చేసింది. పటం వాడేవాళ్ళందరి నమ్మిక విలువనూ, తనదాంతో సహా, తుడిచేసి 0.5కు తెచ్చింది. అందరూ మళ్ళీ ఒకే గీత మీంచి మొదలు. తర్వాత దీవెన దిగబడిన చోట తన గొంతుతో ఒక మాటగుర్తు పెట్టింది. రెండు నిమిషాల పొడవు. తాను ఎవరో, ఎవరి మాటను ఎన్ని సెకన్లు విని కొట్టేసిందో, దానివల్ల ఏం జరిగిందో దాచకుండా చెప్పింది. నూకరత్నం హెచ్చరికను పూర్తిగా చదివి వినిపించింది. ఆ రోజు సంహితకు కాస్త ఊపిరాడింది.

పద్దెనిమిది రోజులు గడిచాయి. పున్నమి వెళ్ళిన మర్నాడు పదిగంటలకు సంహిత జాడను పిలిచింది.

“నూకరత్నం విలువ ఇప్పుడెంత?”

“0.08.”

తప్పుగా విన్నాననుకుంది. “విలువలన్నీ తుడిచేశాం కదా. అందరితో పాటే మొదలైంది కదా!”

“అవును. ఈ పద్దెనిమిది రోజుల్లో ఆమె పదకొండు మాటలు చెప్పారు. జనం పదకొండూ కొట్టేశారు. నేనేమీ కలపలేదు, తీయలేదు.”

“నా విలువ?”

“0.98. మీ క్షమాపణను పన్నెండు వేల మంది ఆమోదించారు. ‘ఎంత గొప్ప మనసు’ అన్న వ్యాఖ్య ఎక్కువగా ఉంది. ఆమోదించినవారు సగటున తొమ్మిది సెకన్లు విన్నారు.”

“నూకరత్నం చెప్పినవాటిలో చివరిది వినిపించు.”

అదే గొంతు, ఈసారి బొంగురుపోయి ఉంది. “బాబూ, ఇక్కడ పూలు ఎట్టడానికి రాకండి. నిన్ననే పున్నమి ఎల్లింది. నేల ఉడికిపోతంది. దిగడిపోతారు. ఎల్లకండి.”

“పూలేమిటి?”

“మీ క్షమాపణ ఉన్న చోటును చూడటానికి వారం నుంచి జనం వస్తున్నారు. వారి అడుగులతో దారి బాగా పచ్చబడింది. ఇప్పుడు నలభై ముగ్గురు గట్టు దిగుతున్నారు. ఆమె మాటను ఇవాళ కొట్టేసినవారిలో ఎక్కువమంది రాసిన కారణం, ‘పవిత్రమైన చోట అపశకునం’.”

“దారిని ఎరుపు చెయ్యి. వెంటనే!”

“దారి రంగు మార్చే ప్రత్యేక అధికారం ఎవరికీ లేదు. అది మీరు పెట్టిన నియమం. మీరు కూడా అందరిలాగే మాటగుర్తు పెట్టవచ్చు.”

సంహిత పట్టీ నొక్కింది. కొత్త మాటలేవీ తోచలేదు. నూకరత్నం అన్నవే అంది. నేల ఉడికిపోతోందనీ, దిగబడతారనీ మార్చబోయి, మార్చకుండా ఆమె నోటి యాసతోనే అంది. “నిన్ననే పున్నమి ఎల్లింది. నేల ఉడికిపోతంది. దిగడిపోతారు. ఎల్లకండి.”

అరనిమిషంలో పచ్చగీత చివరికంటా ఎర్రబడింది.

ఆమె పరుగున వెళ్ళేసరికి జనం గట్టు అంచున ఆగి ఉన్నారు. బురదలోకి పది గజాలు వెళ్ళినవాళ్ళు వెనక్కి వస్తున్నారు. బంతిపూల బుట్ట పట్టుకున్న ఒకాయన సంహితను చూసి చేతులు జోడించాడు.

“సమయానికి చెప్పారు మేడమ్. మీరన్నారు కాబట్టే ఆగిపోయాం. ఈవిడ పొద్దున్నుంచీ ఏదో అరుస్తూనే ఉంది గాని, ఏమంటోందో మాకు అర్థం కాలేదు.”

నూకరత్నం వాళ్ళకు నాలుగడుగుల దూరంలో, మోకాళ్ళదాకా బురదతో నిలబడి ఉంది. దారికి అడ్డంగా తన బల్లను పడేసి ఉంచింది. సంహిత ఆమె దగ్గరికి వెళ్ళి, వచ్చినరోజు మింగేసిన సంగతి చెప్పింది. మొదట కొట్టేసింది తానేనని, మూడు సెకన్లే విన్నానని.

నూకరత్నం వెనక్కి మళ్ళుతున్న జనాన్ని ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంటున్నట్టు చూసింది. ఆఖరివాడు గట్టెక్కాక ఆమె సంహిత వైపు తిరిగింది.

“ఇప్పుడు మీరేటి సెప్పారండీ, ఈళ్ళంతా ఆగిపోయారు?”

“మీరు చెప్పిందే.”

“నేను సెప్పినట్టేనా?”

“అక్షరం మార్చలేదమ్మా.”

నాలుగేళ్ళ బరువేదో దిగినట్టు నూకరత్నం ముఖం తేటపడింది.

“అయితే నా మాటలో తప్పేటీ లేదన్నమాట” అంది.

సంహిత ఆమె కళ్ళలోకి చూడలేకపోయింది.