సున్నా నంబరు పోర్టు

ఐనా సారి అనే పెద్దావిడ బురద బూట్లతోనే లోపలికొచ్చి, కూర్చోమనకముందే కుర్చీలో కూలబడింది.

"నలభై వేల సాల్మన్ పిల్లల్ని నేనే చంపానంటున్నారు మేడమ్. శుక్రవారం విచారణ. ఆ ముద్ర పడిందంటే ఒరెగాన్‌లో చేపపిల్లల్ని పెంచే ఏ హేచరీ వాళ్ళూ నన్ను గడప తొక్కనివ్వరు. ఇరవై రెండేళ్ళుగా నాకొచ్చిన పని అదొక్కటే."

"చంపారా?" అంది ప్రైవేటు డిటెక్టివ్ థెల్మా క్రాండల్.

"లేదు!"

"అయితే కళ్ళు తుడుచుకుని మొదట్నుంచీ చెప్పండి."

అసిస్టెంటు డ్యూయీ నోట్‌బుక్ తెరిచాడు. ఇలాంటి కటువు ప్రశ్న థెల్మా అడిగితే ఎదుటివాళ్ళకి ధైర్యం ఎలా వస్తుందో అతనికి ఆరేళ్ళయినా అంతుపట్టలేదు.

ఆమె చెప్పిన ప్రకారం, ఆదివారం మధ్యాహ్నం గాలివానకు కరెంటు పోయింది. జనరేటరు అందుకుంది, కంప్యూటరు మళ్ళీ మొదలైంది. నది నుంచి నీళ్ళొచ్చే జాలీకి ఆకులు అడ్డుపడి తొట్లలో నీటి ధార సన్నబడింది. షెడ్డులోని కంప్యూటరు మీద ఐనా ఆక్సిజన్ వాల్వు తెరిచే మీట నొక్కింది. ఆదేశం వెళ్ళిందని తెర మీద కనిపించింది. ఆకులు తీయడానికి ఏటి దగ్గరికి వెళ్ళింది.

"నలభై నిమిషాల తర్వాత వచ్చేసరికి పిల్లలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఇంకో పదిసార్లు నొక్కాను. నొక్కినప్పుడల్లా ఆఫీసు గదిలోంచి టకటకమని చప్పుడు. గాలికి కిటికీ కొట్టుకుంటోందనుకున్నా. చివరికి పానా తెచ్చి వాల్వు చేత్తోనే తిప్పాను. అప్పటికే..."

థెల్మా, డ్యూయీ హేచరీకి వెళ్ళారు. మేనేజరు క్లిఫర్డ్ బీమిస్ చెడ్డవాడు కాడు, తొందరపాటు మనిషి.

"నొక్కితే కంప్యూటరు రాసిపెట్టుకుంటుంది కదా? ఏమీ లేదు. టటిల్ చూసి చెప్పాడు."

"టటిల్ ఎవరు?"

"కంప్యూటరు కంపెనీవాడు. బుధవారం కంప్యూటరు లోపల కొత్త కార్డు పెట్టి వెళ్ళాడు, లేబుళ్ళ ప్రింటరు కోసం. పాపం, సోమవారం నాకంటే ముందే వచ్చి అంతా సరిచూశాడు. ఆఫీసులో చెత్తబుట్ట కూడా తనే పారబోశాడు. ఈ కాలంలో అలాంటివాళ్ళు ఎక్కడున్నారండీ?"

"అవును, అరుదే," అంది థెల్మా.

రాండల్ టటిల్ నున్నగా తల దువ్విన మనిషి. "ఆఫీసు గదిలోకి నేను అడుగే పెట్టలేదు మేడమ్. షెడ్డులో కంప్యూటరు చూశా, అంతే. కరెంటు పోయాక పాత రికార్డు చెరిగిపోయి ఉండొచ్చు. ఆవిడ భయపడి నొక్కడం మర్చిపోయుంటుంది. పెద్దావిడ కదా!"

థెల్మా ఆఫీసులోకి వెళ్ళి ప్రింటరు మూత ఎత్తింది. అది ఒకసారి వాడి పారేసే రిబ్బను. కొట్టిన ప్రతి అక్షరం దాని మీద మిగిలిపోతుంది. వేళ్ళు నల్లబడేదాకా రిబ్బను లాగి లెక్కపెట్టింది. తర్వాత అలమార్లో కార్డు వచ్చిన అట్టపెట్టె దులిపితే, అడుగున ఒక ఫ్లాపీ దొరికింది.

"డ్యూయీ, దీన్లో ఏముందో చదివి పెట్టు. శుక్రవారం లోపల!"

శుక్రవారం ఉదయం అందరూ షెడ్డులో చేరారు. బయట గాలి మళ్ళీ లేస్తోంది.

"డ్యూయీ, అందరికీ అర్థమయ్యేలా చెప్పు."

"డ్రైవరంటే కంప్యూటరుకీ యంత్రానికీ మధ్య దుబాసీ అండీ," అన్నాడు డ్యూయీ. "ఒక్కో రకం కార్డుకి ఒక్కో దుబాసీ. కార్డుకి యంత్రాల తీగలు తగిలించే చోట్లే పోర్టులు. ఎవరి పోర్టులకి వాళ్ళ సొంత పేరు పెట్టుకోవాలి. అది పద్ధతి. ఈ కొత్త డ్రైవరు మాత్రం పాత పోర్టుల పేరే పెట్టుకుంది. ముందు లేచినవాడికి సున్నా నంబరు, వెనకవాడికి మిగిలింది. బుధవారం పాతది ముందుంది కాబట్టి గొడవ లేదు. ఆదివారం కంప్యూటరు మళ్ళీ లేచేసరికి కొత్తది ముందు నిలబడింది."

"సున్నాలో ఉండాల్సింది వాల్వు," అంది థెల్మా. "ఆ రోజు అక్కడున్నది ప్రింటరు. ఫ్లాపీలోని డ్రైవరు ఎక్కించి ఇప్పుడే కంప్యూటరు మళ్ళీ వేశాం. ఐనా గారూ, మీట నొక్కండి."

ఆమె నొక్కింది. వాల్వు కదల్లేదు. పక్క గదిలో ప్రింటరు టకటకలాడింది. బీమిస్ పరుగున వెళ్ళి, చీటీతో తిరిగొచ్చాడు. దాని మీద వాల్వు తెరవమనే ఆదేశం అచ్చయి ఉంది.

"రిబ్బను మీద ఇదే ఆదేశం పదకొండుసార్లుంది. ముందొకటి, తర్వాత పది. ఆవిడ చెప్పిన లెక్కే. మరి ఆ పదకొండు చీటీలూ ఏమయ్యాయి టటిల్?"

"నేను... చెత్తబుట్టలో ఏముందో నేను చూడలేదు!"

"చెత్తబుట్టలో ఉన్నాయని నేననలేదే!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అయింది టటిల్ పని. బీమిస్ మొహం కందగడ్డయింది. "ఆఫీసులో అడుగే పెట్టలేదన్నావట కదరా!"

"సొంత పేరు పెడితే పాత ప్రోగ్రాములన్నీ మార్చాలండీ," నసిగాడు టటిల్. "ఈ పేరైతే వెంటనే పనిచేస్తుందని... సోమవారం పొద్దున చీటీలు చూశాకే నాకు తెలిసింది. కొత్త డ్రైవరు తీసేసి రికార్డు తుడిచేశాను."

"నీ బద్ధకం ఈవిడ నెత్తిన రుద్దావు!" అంది థెల్మా. ఈసారి ఆమె కోపం దాచుకోలేదు.

బీమిస్ టోపీ తీశాడు. "ఐనా, నేను తొందరపడ్డాను. నీ ఉద్యోగం నీదే. విచారణ రద్దు. నన్ను..."

ఆమె అతని వైపు చూడలేదు. నేరుగా టటిల్ దగ్గరికి నడిచింది.

"ఈ కార్డు ఇంకెన్ని హేచరీల్లో పెట్టావు?"

టటిల్ తల దించుకున్నాడు. "పంతొమ్మిది."

"మార్చావా వాటిల్లో?"

అతను తల అడ్డంగా ఊపాడు. గాలి రేకుల కప్పును ఊపేస్తోంది. పైన దీపం ఒకసారి మిణుకుమంది.

బీమిస్ క్షమాపణ సగంలోనే ఆగిపోయింది. ఆమె అతన్ని పక్కకి జరిపి, గోడ మీది హేచరీల ఫోన్ల జాబితా పీకి, మొదటి నంబరు తిప్పింది.

"హలో, ఐనాని మాట్లాడుతున్నా. తెర మీద ఏమున్నా నమ్మకండి. పానా తీసుకుని వాల్వు దగ్గరికెళ్ళి నిలబడండి. కరెంటు పోతే చేత్తో తిప్పండి. కారణం తర్వాత చెప్తా, ముందు వెళ్ళండి!"

ఆమె ఫోను పెట్టేసి రెండో నంబరు తిప్పింది.