పరిచేవాళ్ళదే పక్క

సకల పునీతుల పండుగనాటి మధ్యాహ్నం ఇటలీలోని కోమో సరస్సు మీద లేచిన పొగమంచు మెల్లగా కొండెక్కుతుంటే, టెక్లా కూడా దానితో పాటే వెర్నాగా మెట్లబాట ఎక్కుతోంది. పొద్దుటినుంచీ యాత్రికుల్ని వెంటేసుకుని కొండలన్నీ తిప్పింది. కాళ్ళు లాగుతున్నాయి. చెప్పిందే చెప్పి గొంతు జీరబోయింది. పైన ఊళ్ళో అమ్మ ఒక్కతే అద్దె ఇల్లు సర్దుతోంది. వెళ్ళి ఓ చెయ్యి వేసి, బాట కనిపిస్తుండగానే ఆమెని కిందికి దింపుకుపోవాలి. వారం రోజులుగా టెక్లా మనసులో ఉన్న మాట ఒకటే. ఈ చలికాలం అమ్మచేత ఈ పని మాన్పించాలి. లేకపోతే ఈ మెట్ల మీదే ఏదో ఒక రోజు కూలబడిపోతుంది.

సరస్సు ఒడ్డున బెల్లాజోలో యాత్రికులకి కాలు పెట్టే సందు లేకుండా పోయాక, టెక్లా పనిచేసే యాత్రల కంపెనీవాళ్ళకి కొత్త ఆలోచన తట్టింది. 'ఎవరూ చూడని కోమో' అని పేరు పెట్టారు. ఎవరూ చూడనిది అంటే ఎవరూ మిగలనిది అని అర్థం. కప్పు కూలిన పట్టు మిల్లు, కటకటాల వెనక పుర్రెలు పేర్చిన చిన్న ప్రార్థనా మందిరం, ఆఖరి మనిషి పోయాక తాళాలు పడ్డ వెర్నాగా. మనుషులున్నన్నాళ్ళూ ఆ ఊరికి రోడ్డు వెయ్యనివాళ్ళు, మనుషులు పోగానే అక్కడో ఇంటిని యాత్రికులకి అద్దెకి సిద్ధం చేసి, స్నానాల గదిలో వేణ్ణీళ్ళు పెట్టించారు. మిలానోలో చదువుకుని, ఊరేగింపుల్లో నినాదాలు అరిచి అరిచి వచ్చిన టెక్లాకి అది తలుచుకుంటేనే ఒళ్ళు మండేది. అయినా తెల్లారితే ఆ మొండిగోడల ముందు నిలబడి నవ్వుమొహంతో చరిత్ర చెప్పేది తనే. పొట్టకూటి పని.

ఇంట్లోకి వెళ్ళేసరికి తల్లి రొమిల్దా మేడమెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన వీపుబుట్ట, దానినిండా విడిచిన దుప్పట్లు. రెండు చేతులూ మోకాళ్ళ మీద వేసి, వాటిని ఎవరో పసిపిల్లల్ని సముదాయించినట్టు నిమురుకుంటోంది.

"వచ్చావా నాయకురాలా. సభ అయిందా?"

"అయింది. నువ్వు లే, నేను తుడుస్తాను."

"తుడవడం అయిపోయింది. పక్కలూ అయిపోయాయి. లేవడమే అవలేదు."

పదమూడో ఏట సరస్సు ఒడ్డున హోటల్లో చేరింది రొమిల్దా. అప్పటినుంచీ పరాయి ఊళ్ళవాళ్ళ పక్కలన్నీ ఆమె చేతి మీదుగానే. నలగని దుప్పటి, మడత తిరిగిన మూల, చెయ్యి వేసి రాస్తే ముడత లేకుండా సాగే తెలుపు. ఆ పక్కల మీద ఎవరెవరో ప్రేమించుకున్నారు, ఎవరెవరో పోట్లాడుకున్నారు, ఒకాయన చచ్చిపోయాడు కూడా. ఆమె మాత్రం ఒక్కసారీ వాటి అంచు మీదైనా కూర్చోలేదు.

ఇంతలో ఫోను మోగింది. ఆ ఇంట్లో దిగాల్సిన బెల్జియం దంపతులు. పొగమంచుకి పడవలు ఆపేశారట, ఈ రాత్రికి అవతలి ఒడ్డున వరెన్నాలోనే ఉండి రేపు వస్తారట. టెక్లా కిటికీ తీసి చూసింది. సరస్సు లేదు. ఎదురింటి గోడ లేదు. బాట మొదటి మెట్టు వరకూ ఉంది, రెండోది లేదు. ఆ తడిరాళ్ళ మీద ఈ మోకాళ్ళతో అమ్మని దింపడం అంటే కోరి లోయలోకి తోయడమే. కింద రోడ్డు మీద వ్యానుతో ఎదురుచూసే డ్రైవరు అంబ్రోజోకి ఫోను చేసి, మంచు విడిచాక వస్తామని చెప్పింది. ఆయన, విడవకపోతే నేను వ్యానులోనే పడుకుంటాను, ఇంట్లోకన్నా ఇక్కడే ప్రశాంతంగా ఉంటుంది అన్నాడు.

"అయితే అమ్మా, ఇల్లు మనదే. వెళ్ళి పడుకో."

"ఎక్కడ?"

"పైన. ఆ పెద్ద పక్క మీద."

రొమిల్దా నవ్వింది. "నేను పరిచిన పక్క మీద నేనే పడుకుంటే, లేచి మళ్ళీ నేనే పరవాలి కదే."

టెక్లాకి ఆ నవ్వు చూస్తే కోపం ఇంకా పెరిగింది. ఇన్నేళ్ళు పరిచావు, ఒక్క గంట నడుం వాల్చే హక్కు లేదా నీకు అంది. అది హక్కుల సంగతి కాదు, ఉతుకుడు సంగతి అంది తల్లి. కాసేపు అలా సాగింది వాదన. చివరికి గెలిచింది కూతురు కాదు, మోకాళ్ళు. రొమిల్దా గోడ పట్టుకుని పైకెళ్ళి, దుప్పటి తియ్యకుండా, దాని మీదే ముడుచుకుని పడుకుంది. ఆ ఒరగడంలో ఆమె నోట్లోంచి వచ్చిన నిట్టూర్పు టెక్లాకి కింది వంటింట్లోకి వినిపించింది. అంత పొడుగు నిట్టూర్పు ఒక మనిషిలో పడుతుందని అప్పటిదాకా తెలీదు.

తెల్లారితే సమాధుల పండుగ. చనిపోయినవాళ్ళు ఆ ముందు రాత్రి దాహంతో, అలసటతో ఇళ్ళకి తిరిగొస్తారని ఆ కొండల్లో నమ్మకం. రొమిల్దా ఏటా వంటింటి బల్ల మీద బకెట్టుతో నీళ్ళు పెట్టేది. ఉడికించిన చెస్ట్‌నట్ కాయలు పెట్టేది. పొయ్యి ఆర్పేది కాదు. తెల్లవారుజామునే లేచి తన పక్క దులిపి వదిలేసేది, వచ్చినవాళ్ళు కాసేపు ఒరుగుతారని. ఇవాళ తమ ఇంట్లో ఆ పని చేసేవాళ్ళు లేరు. టెక్లా ఈ ఇంట్లోనే చేద్దామనుకుంది. నమ్మకం ఉండి కాదు. ఇది జనం ఆచారం, కంపెనీ ఇంట్లో జనం ఆచారం జరిగితీరాలని. బకెట్టు నింపి బల్ల మీద పెట్టింది. దీపం ఆర్పేసి పొయ్యి వెలుగు ఒక్కటే ఉంచింది.

పైనుంచి నిద్రమత్తులో తల్లి గొంతు. "టెక్లా... నీళ్ళు పెట్టావా?"

"పెట్టాను."

"పేర్లు పెట్టి పిలువు. మీ తాతని, మామయ్యని... మనవాళ్ళని మాత్రమే."

"ఎందుకూ?"

పైనుంచి సన్నగా గురక. నిద్రపోయినట్టుంది.

మనవాళ్ళట! టెక్లా పళ్ళు నూరుకుంది. చచ్చినవాళ్ళలో కూడా మనవాళ్ళూ పరాయివాళ్ళూనా? ఈ ఒడ్డు మొత్తం కట్టిందెవరు? విల్లాల్లో నేలలు పాకి తుడిచినవాళ్ళు, మిల్లులో మరిగే తొట్టెల్లో చేతులు ముంచి పట్టుగూళ్ళలోంచి దారం తీసినవాళ్ళు, ఒకరి పక్కలు ఒకరికి పరిచి చివరికి తాము గడ్డి మీద చచ్చినవాళ్ళు. వాళ్ళని పిలిచేవాళ్ళెవరు? ఆమె తలుపు బార్లా తెరిచి, పొగమంచులోకి, ఊరేగింపులో పిడికిలెత్తినంత పౌరుషంగా అంది.

"దున్నేవాడిదే భూమి అయితే పరిచేవాళ్ళదే పక్క. పరులకి పక్కలు పరిచి పరిచి అలిసిపోయినవాళ్ళందరూ రండి. ఇది మీ ఇల్లు."

మంచు ఆ మాటల్ని మింగేసింది. తలుపు వేసి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. తనకే కాస్త నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే కళ్ళు మూతలు పడ్డాయి.

ముందు వాసన వచ్చింది. తడిసిన ఉన్ని వాసన. దాని కింద ఇంకోటి... కమురు, కుళ్ళు కలిసిన వాసన. ఉడికిన పట్టుపురుగుల వాసన ఎలా ఉండేదో ముసలమ్మలు చెప్పగా విని, ఆ మిల్లు ముందు నిలబడి యాత్రికులకి రోజూ చెబుతుంది టెక్లా. ఎప్పుడూ పీల్చలేదు. అయినా అదేనని తెలిసిపోయింది.

తరువాత చప్పుడు. టక్. టక్. బాట రాళ్ళ మీద చెక్కచెప్పులు. ఒక జత కాదు. తొందర లేని నడక... పని దిగి ఇంటికొచ్చేవాళ్ళ నడక. ఎవరూ మాట్లాడటం లేదు. ఒక్క దగ్గు.

తలుపు తెరుచుకోలేదు. అయినా చప్పుడు లోపలికి వచ్చేసింది.

టెక్లా కదలలేకపోయింది. పొయ్యి వెలుగులో బల్ల ఉంది, బకెట్టు ఉంది, మనుషులు లేరు. బకెట్టులో నీళ్ళు మాత్రం తగ్గుతున్నాయి. గుటక... ఆగి, మరో గుటక. అడుగు కనిపించేదాకా. తరువాత మేడమెట్లు కిర్రుమన్నాయి. ఒక్కో మెట్టూ. బరువుగా. ఒకరి వెనక ఒకరు.

పైన అమ్మ ఉంది.

ఎలా ఎక్కిందో తెలీదు. గది గుమ్మంలో మంచు నిలబడి ఉంది, ఇంట్లోకి మంచు ఎలా వస్తుందో మరి. పక్క మీద రొమిల్దా వెల్లకిలా పడుకుని ఉంది. ఆమెకి అటూ ఇటూ పరుపు కుంగి ఉంది. ఆమె కాళ్ళ దగ్గర కుంగి ఉంది. చూస్తుండగానే తలవైపు ఇంకోచోట మెల్లగా కుంగింది. ఎవరో నడుం వాలుస్తున్నట్టు.

"టెక్లా..." తల్లి గుసగుసలాడింది. కళ్ళు తెరవలేదు. "కాస్త జరగమనవే. వీళ్ళ చేతులు తడిగా ఉన్నాయి."

టెక్లా ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. రాలేదు. ఇంకోపక్కనుంచి ఎవరో పట్టుకుని ఉన్నారు. గట్టిగా కాదు. నిద్రలో పక్కవాళ్ళ చెయ్యి పట్టుకున్నట్టు.

"వదలండి," అంది. "ఈమె మా అమ్మ."

చెవి పక్కనే, అలిసిపోయిన ఆడగొంతు. కోపం లేదు అందులో.

"పరిచేవాళ్ళదే అన్నావుగా."

"చచ్చినవాళ్ళని పిలిచాను... బతికున్నవాళ్ళని కాదు."

"అలిసిపోయినవాళ్ళని పిలిచావు."

తాత పేరు పిలిచింది. మామయ్య పేరు పిలిచింది. ఎవరూ పలకలేదు. ఇది వాళ్ళ ఇల్లు కాదు. పరుపు ఇంకోచోట కుంగింది. తల్లి చెయ్యి చల్లబడుతోంది.

"అమ్మా, లే. నా మాట విను, లే."

"హాయిగా ఉందే," అంది రొమిల్దా. ఆ మాట ఆమె నోట టెక్లా ఎన్నడూ వినలేదు. "ఇంత హాయి ఎప్పుడూ... నువ్వూ రా. చోటుంది."

ఊపిరి చాలాసేపు తీసుకోలేదు. తీసుకుంది. మళ్ళీ ఆపింది.

టెక్లా చదివిన పుస్తకాలన్నిటిలోనూ ఈ గదిలో పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. పనికొచ్చే మాట ఇంకెక్కడో ఉంది. దాన్ని ఎన్ని హోటళ్ళ నడవల్లో, ఎందరు మేనేజర్ల నోళ్ళలో విందో! విన్న ప్రతిసారీ ఆ నోరు పగలగొట్టాలనిపించేది. ఇప్పుడు తన నోరే తెరుచుకుంది. గొంతు తనది కానట్టు, కటువుగా వచ్చింది.

"అతిథులు వస్తున్నారు. ఈ పక్క మీద ఏం చేస్తున్నారు మీరు? లేవండి."



పరుపు అన్నివైపులా ఒక్కసారే పైకి లేచింది. గబగబా. తప్పు చేసి దొరికిపోయినవాళ్ళలా. చెక్కచెప్పులు నేల మీద తడబడ్డాయి. ఎవరో క్షమించమన్నట్టు గొణిగారు. కనపడని అరచేతులు దుప్పటి మీద సరసరా పాకాయి, ముడతలు సర్దుతూ, మూలలు మడుస్తూ.

వాళ్ళందరితోపాటు రొమిల్దా కూడా లేచింది. కళ్ళు మూసుకునే లేచి, మోకాళ్ళు నొప్పి అనకుండా నిలబడి, తల దించుకుని, నడుముకి కట్టుకున్న ఏప్రన్ సరిచేసుకుంది.

"చిత్తమండీ," అంది కూతురితో.

టెక్లా ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. మంచులోనే, తడిరాళ్ళ మీద కూర్చుంటూ పాకుతూ రోడ్డు దాకా చేరారు. అంబ్రోజో వాళ్ళ వాలకం చూసి ఏదో ఛలోక్తి వెయ్యబోయి మానేశాడు. ఇంటికి వచ్చాక రొమిల్దా ఒక్క మాటా మాట్లాడకుండా తన గదిలోకి వెళ్ళి పడుకుంది. టెక్లా తలుపు పక్కనే చాలాసేపు చెవి పెట్టి, ఊపిరి వినిపించాకే కదిలింది. అతిథులు వస్తున్నారన్న మాట నాలుక మీద చేదుగా అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దెక్కినా రొమిల్దా లేవలేదు. పోనీ, పడుకోనీ అనుకుంది టెక్లా. కాఫీ పెట్టుకుని కప్పు పట్టుకుంటుండగా ఫోను మోగింది. బెల్జియం ఆవిడ. చాలా మర్యాదగా మాట్లాడింది. చేరుకున్నాం, ఊరు అద్భుతంగా ఉంది, ఇలాంటి చోటు ఉన్నట్టు లోకంలో ఎవరికీ తెలీదు అంది. కాకపోతే మీవాళ్ళు పైన ఇంకా పక్కలు పరుస్తూనే ఉన్నారు, మేము గుమ్మంలో నిలబడి ఉన్నాం, తొందరేమీ లేదు అంది. నవ్వుతూ ఇంకో మాట కలిపింది. ఇంత చిన్న ఇంటికి అంతమంది పనివాళ్ళని పంపడం ఎందుకండీ, పాపం, అందరూ బాగా అలిసిపోయినట్టున్నారు.

 ఫోను చేతిలోనే ఉంది.

అప్పుడు తల్లి గదిలో చప్పుడైంది. ఫట్. ఆగి, మళ్ళీ ఫట్. పెద్ద దుప్పటిని గాలిలో బిగలాగి దులుపుతున్న చప్పుడు.

మూసిన తలుపు ముందు నిలబడిపోయింది టెక్లా. అమ్మ లేచింది, అంతే, అనుకోవాలని చూసింది. కానీ పుట్టినప్పటినుంచీ వింటున్న చప్పుడు అది. దుప్పటి అలా మోగాలంటే ఇద్దరు కావాలి.

చెరో కొసా పట్టుకుని.