ఎర్రచుక్క పెట్టిన దొంగతాళం

"పిచ్చుకా! గేటు వేశావా లేదా?" అని పొడుగు అరిచాడు.

"వేశాను బాబూ! చెవులు చిల్లులు పడేలా అరవకు."

మా రోబోటిక్స్ ల్యాబ్ నేలమాళిగలో ఉంటుంది. కిటికీల్లేవు. మధ్యాహ్నం మూడైనా అర్ధరాత్రైనా అక్కడ ఒకటే ట్యూబులైటు వెలుతురు. పైన వాన మొదలైనట్టుంది, పైపుల్లో నీళ్ళు గొణుగుతున్నాయి. గది మధ్యలో ఇనుపజాలీ పంజరం. అందులో మనిషికంటే ఎత్తైన పసుపుపచ్చ చెయ్యి. బల్లమీది ఇనుపముక్కను అది పెట్టెలో పెట్టాలి. ఇక్కడికి రా, ఇక్కడ ఆగు, ఇక్కడ పట్టుకో అని ఒక్కోచోటూ మేమే నేర్పాలి. రేపే పరీక్ష. ఐదు చోట్లు నేర్పేశాం.

"దానికి కళ్ళు లేవు పిచ్చుకా, మన చెయ్యే దానికి కళ్ళు" అనేవాడు ల్యాబ్ మేస్త్రి. మా అందరికీ పేర్లు పెట్టింది ఆయనే. గలగలా వాగుతానని నేను పిచ్చుకను. ఆయన కొడుకు పొడుగు. క్లాసంతా ఆయన్ని బాబాయ్ అంటే నేనొక్కదాన్నే మావయ్యా అన్నాను. కొడుకువైపు చూసి, నావైపు చూసి, లవంగం నములుతూ పగలబడి నవ్వాడు. "సరే కోడలా, ముందు పాసవ్వు!" ఏ మాట చెప్పినా చివర వేలికణుపులతో రెండుసార్లు కొట్టేవాడు. టక్ టక్. విన్నావా అని.

ఆయన పోయి మూడు నెలలైంది. ఆ పంజరంలోనే.

గేటుకున్న ఇనుప నాలుక స్తంభం మీది గాడిలో దూరితేనే చెయ్యి కదులుతుంది. ప్రతిసారీ గేటు వేసి తీసే ఓపిక లేక మేమంతా విడిగా ఇంకో నాలుకను గాడిలో దోపేవాళ్ళం. దాన్ని దొంగతాళం అంటాం. గేటు బార్లా తెరిచున్నా, వేసే ఉందనుకుంటుంది ఆ పిచ్చి చెయ్యి. ఆ పొద్దున గేటు తెరిచే ఉంది కదా, ఇక కదలదన్న ధైర్యంతో మావయ్య లోపలికి వెళ్ళాడు. ఎదుటికి ఏదైనా రాగానే అందుకోమని నేర్పిన చెయ్యి... ఆయన్ని అందుకుంది. గాడిలో దొంగతాళం దొరికింది. ఆయన నిర్లక్ష్యమేనని కాగితం రాసేశారు.

"అందరికీ జాగ్రత్తలు చెప్పి తనే పెట్టుకున్నాడు మా నాన్న" అంటాడు పొడుగు, తల దించుకుని. తండ్రి ఫోటో కూడా గోడమీంచి తీసేశాడట.

పెట్టింది నేను. ముందురోజు సాయంత్రం పొడుగు, "వాన తగ్గింది, బస్టాపుదాకా నడుద్దామా?" అన్నాడు. మొదటిసారి అలా అడిగాడు. నా కాళ్ళు నేలమీద లేవు. తాళం తీయడం మరిచిపోయాను. నా తాళాన్ని నేను గుర్తుపట్టడానికి, ఎవరికీ చెప్పకుండా దానిమీద గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టుకున్నాను కూడా. గాడిలోంచి తాళం తీసిన మా డిపార్టుమెంటు పెద్దసారు ఆ చుక్క చూశాడు. తర్వాత నా గోళ్ళు చూశాడు. "చేతులు వెనక్కి పెట్టుకో" అన్నాడు మెల్లగా. "పోయినవాడికి మాటొస్తే ఏమవుతుంది? నీకింకా చదువుంది." ఆరోజు నుంచి నేను గోళ్ళకి రంగు వేయలేదు.

ఇప్పుడు పొడుగు మీట నొక్కాడు. చెయ్యి లేచింది. తీసింది. పెట్టింది. ఐదోచోటికి వచ్చి ఆగాలి.

ఆగలేదు.

మెల్లగా గేటువైపు తిరిగింది. స్తంభం దగ్గర, గాడి ఎత్తులో వంగింది. టక్ టక్.

"ఆరోది నువ్వు నేర్పావా?" అన్నాడు పొడుగు.

"లేదు... నువ్వు?"

తెరమీద ఐదే ఉన్నాయి. మళ్ళీ నడిపాం. మళ్ళీ అదే. టక్ టక్. ఈసారి దాని ఇనుపవేళ్ళ మధ్య ఏదో మెరిసింది. ఎర్రచుక్క.

పొడుగు యంత్రాన్ని ఆపే ఎర్రబటన్ గుద్దాడు. చెయ్యికి కరెంటు పోయి దాని దీపాలన్నీ ఆరాయి, గదిలో ట్యూబులైటు ఒక్కటే మిగిలింది.

"అది నాన్న పోయినరోజు గాడిలో దొరికిన తాళం" అన్నాడు, పెదాలు తడుపుకుంటూ. "సారు బీరువాలో ఉండాలి కదా? అడిగొస్తా. నువ్వు కదలకు."

మెట్లమీద అడుగులు పోయాయి. పైపులు గొణుగుతున్నాయి. గ్రీజు వాసన... దాని వెనక లవంగం వాసన.

యంత్రానికి కరెంటు లేదు. అయినా చెయ్యి అంగుళం లేచింది. ఇంకో అంగుళం.

నాకు పారిపోవాలనిపించింది. మూడు నెలలుగా పారిపోతూనే ఉన్నానని గుర్తొచ్చింది. ఒళ్ళు మండింది.

"బెదిరిస్తున్నావా మావయ్యా?" అన్నాను. "ఆ చెయ్యికి నువ్వు నేర్పావు, నేనూ నేర్పాను. చంపాలనుంటే చంపు. నేను మాత్రం మెట్లెక్కను."

గేటు తీసి లోపలికి వెళ్ళాను. పసుపు చెయ్యి నా ముఖం మీదికి వంగింది. అరచేయి చాపాను.

ఇనుపవేళ్ళు విచ్చుకున్నాయి. తాళం నా చేతిలో పడింది. వెచ్చగా... ఎవరో గుప్పిట్లో దాచుకున్నట్టు.

నేను బయటికి వచ్చేసరికి ఇద్దరూ దిగుతున్నారు. పెద్దసారు చేతిలో సీలు వేసిన కవరు.

"ఇదిగోనయ్యా, తాళం నా దగ్గరే ఉంది. పరీక్షంటే భయపడి పిట్టకథలు!" కవరు చించి అరచేతిలో వేసుకున్నాడు. చుక్క ఎండి, పెచ్చులూడిపోయి ఉంది.

నేను నా గుప్పిట తెరిచాను. అదే తాళం. అదే వంకర చుక్క. రంగు ఇంకా తడిగా ఉంది. నా బొటనవేలికి అంటుకుంది.

పొడుగు రెండింటినీ చూశాడు. తర్వాత నా వేలు చూశాడు.

"పిచ్చుకా..."

"చేతులు వెనక్కి పెట్టుకో" అన్నాడు సారు, పళ్ళు బిగించి.

పెట్టుకోలేదు. ఇంకా ముందుకే చాపాను.

నా వెనక, కరెంటు లేని పంజరంలో... టక్.

ఒక్కటే. రెండోది రాలేదు. ఎవరో చెయ్యెత్తి ఆగినట్టుంది.

"మీ నాన్న పెట్టలేదు పొడుగూ. ఆ తాళం పెట్టింది నేను. తీయకుండా నీతో నడిచి వచ్చేసింది నేను."