తడవని పొర

వాకాడు బీచ్ రోడ్డు పక్కన ఆగిన కారులో సైంటిస్ట్ హజరత్తయ్య కూర్చుని ఉన్నాడు. సీటు బెల్టు పెట్టుకునే ఉన్నాడు. చెవి వెనక చిన్న బుల్లెట్ రంధ్రం.

ఆ ఫొటోను చీఫ్ టేబుల్ మీద ముందుకు తోశాడు.

"వరిగడ్డి నుంచి నానోసెల్యులోజ్ తీసి, ప్లాస్టిక్ లాంటి ఫిల్మ్ తయారుచేశాడు. మట్టిలో కలిసిపోతుంది. లోపం ఒకటే. ఆవిరి తగిలితే మెత్తబడుతుంది. చంపింది విదేశీ ప్లాస్టిక్ ముఠా. రేపు ఆయన ఊళ్లోనే లాంచ్. జాలర్లందరికీ ఆ ఫిల్మ్‌లోనే భోజనం ప్యాకెట్లు. అక్కడ నలుగురు చచ్చిపోతే చాలు, ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు."

"లోపల మనవాళ్లెవరు?" అడిగాడు ఏజెంట్ మాల్యాద్రి.

"రోజారమణి. ఆ ఫిల్మ్ తయారుచేసే కంపెనీకి పీఆర్ మేనేజర్. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది."

మర్నాడు మాల్యాద్రి తలకు తువ్వాలు చుట్టి, వంటవాడి వేషంలో షామియానా వెనక చేరాడు. గులాబీరంగు సిల్కు చీర, నల్లకళ్లద్దాలు. రోజారమణి వచ్చి పక్కన నిలబడింది.

"గాలి ఎటు?" కోడ్ అడిగాడు.

"తూర్పుకి. విషం పులిహోరలో కలుపుతారు. గుండిగ వదిలి కదలొద్దు."

అతను కదల్లేదు. ఎవరూ రాలేదు. అదే అతన్ని భయపెట్టింది. సముద్రం మీద మబ్బు నల్లగా కమ్ముకుంది. ప్యాకెట్ల పంపకం మొదలైంది.

ముందు వరుసలో మాలకొండమ్మ అనే ముసలామె వేడి ప్యాకెట్ విప్పింది. ఫిల్మ్ లోపల ఆవిరి నీటిచుక్కలై జారుతోంది. ఫిల్మ్ మాత్రం బిర్రుగానే ఉంది.

మెత్తబడలేదు. అంటే దానిమీద ఏదో పూత పూశారు. విషం అన్నంలో లేదు!

మాలకొండమ్మ ముద్ద ఎత్తింది. పులిహోర గరిటె చేతిలో ఉండగానే మాల్యాద్రి ఒక్క దూకు దూకి ఆ ముద్దను కొట్టేశాడు.

"ఎవరూ తినొద్దు! ప్యాకెట్లో విషం!"

రోజారమణి పైట చాటు నుంచి సైలెన్సర్ బిగించిన పిస్టల్ బయటికొచ్చింది. మాల్యాద్రి విసిరిన గరిటెడు వేడి పులిహోర ఆమె మొహాన పడింది. గుండు షామియానాను చీల్చుకుపోయింది. మఫ్టీ పోలీసులు ఆమె చేతులు విరిచిపట్టారు.

"హజరత్తయ్యను కూడా నువ్వేనా?"

"పక్క సీట్లోనే కూర్చున్నా. చివరిదాకా నమ్మినాడు." ఆమె నవ్వింది. "నీ మాదిరే."

మాల్యాద్రి ఫోన్ మోగింది.

"ప్రాణనష్టం?" చీఫ్ గొంతు.

"లేదు సార్."

"ఏంటా అరుపులు?"

"నోటికాడ కూడు కొట్టినాడు, వీడికి పుట్టగతులుండవు!" మాలకొండమ్మ మట్టి ఎత్తిపోస్తోంది.

"అందరూ క్షేమమేనని రిపోర్టు సార్," అన్నాడు మాల్యాద్రి.