మాఫీ అడిగే ఇల్లు

గల్ఫ్‌లో, ఉమ్ అల్ క్వైన్ నుంచి ఎడారి లోపలికి పోయే దారిలో ఒక ఒంటి ఇల్లు ఉండేది. దాని పేరెత్తితే చాలు, కూలీల క్యాంపుల్లో మీసాలు మెలేసేవాళ్ళు కూడా మాట మార్చేసేవారు. పైకప్పు సగం కూలిన ఇల్లు... పక్కనే గట్టు లేని బావి... చుట్టూ ఇసుక.

పొద్దుగూకాక అక్కడ ఆగితే గాలిలో ఒక గొంతు వినిపిస్తుందట. "మాఫీ... మాఫీ..." అని. ఎవడో మేస్త్రీ తన కింది కూలీని ఎండలో నీళ్ళివ్వకుండా చంపాడనీ, తర్వాత తనూ ఆ బావిలోనే పడి పోయాడనీ, ఇప్పటికీ దారినపోయే ప్రతివాడినీ మాఫీ చెయ్యమని బతిమాలుతున్నాడనీ చెప్పుకునేవారు. ఆ మేస్త్రీ ఏ ఊరివాడో, పేరేంటో ఒక్కడికీ తెలీదు. పేరే తెలియనివాడి చరిత్ర ఇంత వివరంగా ఎలా తెలిసిందిరా అని అడిగిన పాపాన కూడా ఎవడూ పోలేదు!

నాగరత్నమ్మకీ దెయ్యాలంటే భయమే. కానీ ఆ వేసవిలో ఆమెకి మొగుడి మీదున్న కోపం ముందు ఏ దెయ్యమూ ఆనేది కాదు.

కోపానికి కారణం ఇల్లుబండి. ఒక తెల్ల ఇంజనీరు రోడ్ల సర్వే కోసం తెప్పించుకున్న పెద్ద బండి అది. లోపలే మంచం, పొయ్యి, చిన్న అలమర. దానికి జోగయ్య డ్రైవరు, అతని పెళ్ళాం నాగరత్నమ్మ వంటమనిషి. దొర తన దేశం పోతూ బండిని వాళ్ళకే వదిలేశాడు. వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్ కూడా మంచివాడు, సరేనన్నాడు. అప్పట్నించీ రాస్ అల్ ఖైమా మొదలు అబుదాబి దాకా క్యాంపు క్యాంపుకీ తిరిగి, మనవాళ్ళకి అన్నమూ పప్పుచారూ వండిపెట్టడమే వాళ్ళ బతుకు. పుట్టినప్పట్నించీ ఒకరి పంచన బతికిన నాగరత్నమ్మకి, నాది అని చెప్పుకోవడానికి దొరికిన మొదటి ఇల్లు అదే. చక్రాల మీద ఉంటేనేం?

ఆ ఇంటిని జోగయ్య ఆమెకి చెప్పకుండా బేరం పెట్టేశాడు. అబుదాబిలో మీరా హుస్సేన్ అనే ఆయనకి మాట ఇచ్చేశాడు. ఆయన దాన్ని టీ కొట్టు చేసుకుంటాడట.

పోనీ, ఆ సంగతి మొగుడి నోట విన్నా సరిపోయేది. ఒక క్యాంపులో అన్నం వడ్డిస్తుంటే, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన లింబాద్రి అడిగాడు. "అక్కా, బండి అమ్ముతున్నరట గద? ఇగ మాకు పప్పుచారు ఎవలు పోస్తరు?"

గరిటె ఆమె చేతిలోనే ఆగిపోయింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ రోజు నుంచి ఆమె ముందు సీట్లో కూర్చోలేదు. వెనక గిన్నెల మధ్య కూర్చుని, చెప్పదలుచుకున్నదంతా గిన్నెలతోనే చెప్పేది. ఆఖరి చుట్టు అది. క్యాంపు క్యాంపు దగ్గరా ఆగి, అందరికీ వండిపెట్టి, సెలవు తీసుకుంటూ అబుదాబి వైపు దిగుతున్నారు. ఆమె మాత్రం అబుదాబి దాకా పోదలుచుకోలేదు. దుబాయిలో, కరామాలో హలీమాబీ అనే పరిచయస్థురాలు ఉంది. ఆవిడ దగ్గర వంటపని ఉందని కబురు వచ్చింది. కరామాలో దిగిపోతాను, నీ దారి నీది, నా దారి నాది అని మొగుడి మొహం మీదే చెప్పేసింది. అతను బండి అద్దం తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఆ తుడవడం ఆమెకి ఇంకా ఒళ్ళు మండించింది.

ఇంకో సంగతి కూడా ఆమెకి నచ్చలేదు. ఈ మధ్య అతను పొద్దుగూకకముందే ఎక్కడో ఒకచోట బండి ఆపేస్తున్నాడు. ఇంతకుముందు అర్ధరాత్రి దాకా పాటలు పాడుకుంటూ నడిపిన మనిషి! అమ్మేసే బండి కదా, ఒళ్ళు వంచడం దేనికనుకుంటున్నాడు కాబోలు అనుకుంది.

అందుకే ఆ సాయంత్రం కావాలనే ఆలస్యం చేసింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. జోగయ్య మాటిమాటికీ పొద్దు వైపు చూశాడు. ఆ రాత్రి క్యాంపులోనే ఉండిపోదామంటే క్యాంపు మేనేజరు, ముదీర్ ఒప్పుకోలేదు. చీకటిపడ్డాక బయటి బండి లోపల ఉండకూడదని "యల్లా, యల్లా" అంటూ తరిమేశాడు.

బండి కదులుతుంటే లింబాద్రి కిటికీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా... ఒంటి ఇంటికాడ ఆగకుండ్రి. మొన్న మా రూము పర్శరాములు చెవులార ఇన్నడు. మాఫీ అడుగుతదట... జవాబిస్తే ఎంట పడతదట."

సరిగ్గా అక్కడే ఆగింది బండి.

"ఏంటి?" అంది నాగరత్నమ్మ వెనక నుంచి. ఎన్నాళ్ళకో నోటి నుంచి వచ్చిన మాట అది.

"ఇంజను వేడెక్కింది. నీళ్ళు పొయ్యాలి..."

అతను డబ్బా తీసుకుని దిగాడు. బయట నల్లగా, ఎత్తుగా ఒంటి ఇల్లు. చంద్రుడు లేడు. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. టార్చి ఆమె ఒళ్ళోనే ఉంది. కావాలంటే అడుగుతాడులే అనుకుంది. అతను అడగలేదు.

అప్పుడు వినిపించింది —

"...మాఫీ..."

గాలికి ముక్కలైపోయిన గొంతు. ముసలి గొంతు.

"...మాఫీ... మాఫీ..."

ఆమె టార్చి వెలిగించి మొగుడి వైపు వేసింది.

జోగయ్య రెండు చేతులూ ముందుకి చాచుకుని నడుస్తున్నాడు. అడుగు తీసి అడుగు వేస్తూ... తల కదపకుండా... కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ టార్చి వెలుగు నేరుగా మొహాన పడేదాకా ఇటు చూడలేదు. ఆ గొంతు ఎటు నుంచి వస్తోందో అటే పోతున్నాడు. మధ్యలో గట్టు లేని బావి.

"...మాఫీ..."

దెయ్యం లాక్కుపోతోంది! ఆమె ఆంజనేయ దండకం ఎత్తుకోబోయింది. నోట్లోంచి వచ్చింది మాత్రం దండకం కాదు.

"మాఫీ లేదు, గీఫీ లేదు!" అని అరిచింది. ఇన్ని వారాల కోపం ఒక్కసారి గొంతులోకి వచ్చేసింది. "చేసేవన్నీ చేసేసి మాఫీలు అడుగుతారా? చెయ్యను! నీకూ చెయ్యను, వాడికీ చెయ్యను! వదులు నా మొగుణ్ణి!"

చెప్పులు కూడా లేకుండా పరిగెత్తి జోగయ్య చొక్కా వెనక నుంచి దొరకబుచ్చుకుని లాగింది. ఇద్దరూ ఇసుకలో కూలబడ్డారు. అతని చేతిలోని డబ్బా దొర్లిపోయింది... కాసేపటికి లోతుల్లో ఎక్కడో ఠంగుమంది. చప్పుడు పొడిగా వినిపించింది.

ఇంటి వెనక నుంచి లాంతరు ఒకటి ఊగుతూ వచ్చింది. దాని వెనక గడ్డం, చేతికర్ర, నాలుగు మేకలు.

"మాయ్ మాఫీ!" అని ఆ ముసలాయన కస్సుమన్నాడు. "మాయ్ మాఫీ, మాయ్ మాఫీ! పానీ నహీ హై! గిర్ జాతే తో?"

నాగరత్నమ్మ నోరు తెరుచుకుని చూసింది.

మాయ్ మాఫీ. మాయ్ అంటే నీళ్ళు, మాఫీ అంటే లేవు. పగలంతా ఆ మాటే కదా అందరి నోటా — చాయ్ మాఫీ, బస్సు మాఫీ, సెలవు మాఫీ! అరబ్బు మాటల్లో మనవాళ్ళు మొదట నేర్చుకునేది అదే. ఆ మాటే చీకట్లో వినిపిస్తే మాత్రం ఒక్కడికీ అరబ్బీ గుర్తుకు రాలేదు. ఇంటి దగ్గర విన్న మాఫీయే చెవిలో పడింది. ఎవరు ఎవరికి ఏం అన్యాయం చేసి వచ్చారో మరి!

ముసలాయన పేరు రహమతుల్లా. బలూచీ మేకల కాపరి, ఆ కూలిన ఇంట్లోనే ఉంటాడు. బావి ఎండిపోయిందని, దగ్గరికి రావద్దని ఏళ్ళ తరబడి అరుస్తున్నాడట. ఒక్కడూ ఆగి జవాబివ్వడట, కాలికి బుద్ధి చెబుతారట. తిట్టుకుంటూనే లోపలికెళ్ళి తన నీళ్ళ తోలుసంచి తెచ్చి ఇచ్చాడు.

జోగయ్య వద్దన్నట్టు ఏదో గొణిగాడు. ఆమె వినలేదు. గుడ్డ పట్టి ఇంజను నీళ్ళ మూత తిప్పి, టార్చి వేసింది.

నీళ్ళు అంచుదాకా ఉన్నాయి.

మూత మళ్ళీ బిగించింది. టార్చి తీసుకెళ్ళి మొగుడి మొహం ముందు ఆడించింది. తర్వాత ఆర్పేసింది. "నేనెక్కడున్నాను?" అంది.

అతను చెయ్యి చాచాడు. చెయ్యి ఆమె పక్కనున్న గాలిని తడిమింది.

"రేచీకటి," అన్నాడు చాలా మెల్లగా. "పోయిన చలికాలం నుంచి. పొద్దుగూకితే ఏమీ కనపట్టం లేదు రత్నం. ఈ దారిలో ఎక్కడైనా గుద్దేసి నిన్ను చంపేస్తానేమోనని... బండి అమ్మేశాను."

"మరి ఇంజను?"

"ఇంక నడపలేకపోయాను. నీతో చెప్పలేక ఆ అబద్ధం ఆడాను. గొంతు వినపడితే ఎవరో మనిషనుకుని అటు నడిచాను..."

అది విని కరిగిపోయిందనుకుంటారేమో. లేదు. ఇంకా మండిపడింది.

"ఆ ముక్క నాతో చెప్పటానికి నీకు నోరు లేదా? అబద్ధం నిలబెట్టుకోటానికి గుడ్డిగా పోయి నూతిలో పడతావా? దెయ్యమున్న చోట బండి ఆపడానికి భయం లేదు గానీ, పెళ్ళానికి నిజం చెప్పటానికి భయమా? నువ్వు పోతే నేనేమైపోయేదాన్ని ఈ ఇసకలో?" అంటూ అతని భుజం మీద రెండు దెబ్బలు వేసింది. రెండోది వేసిన చేతిని మాత్రం వెనక్కి తీసుకోలేదు.

రహమతుల్లా మేకల్ని అదిలించుకుంటూ చీకట్లోకి వెళ్ళిపోయాడు.

ఆమె మొగుణ్ణి రెక్క పట్టి నడిపించుకుని బండెక్కించింది. తను కూడా ముందు సీట్లోనే కూర్చుంది.

"తప్పయిపోయింది," అన్నాడు జోగయ్య. "మాఫీ చెయ్యవూ?"

ఆమె కిటికీలోంచి ఒంటి ఇంటి వైపు చూసింది. "మాఫీ," అంది.

అతను ఆ గొంతు వైపు తిరిగాడు. చేశానన్నదా... లేదన్నదా? చీకట్లో ఆమె మొహం చూద్దామన్నా అతనికి కళ్ళు లేవు. తను అన్నది ఏ మాఫీయో ఆ క్షణాన నాగరత్నమ్మకే తెలీదు.

"రత్నం... ఏ మాఫీ?"

"కరామా రానీ, చెప్తాను," అంది ఆమె. "ముందు పడుకో."